జపనీస్‌లో కోరిక: 'తై' నుంచి 'తకత్త' దాకా

జపనీస్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే అవసరం పడే ప్రత్యయం 'తై'. ఏదైనా చేయాలని ఉందని చెప్పడానికి ఇదే ఆధారం. క్రియ మర్యాద రూపంలో చివరనున్న 'మస్' తీసేసి, అక్కడ 'తై' చేర్చాలి. తబెమస్ అంటే తింటాను, తబెతై అంటే తినాలని ఉంది. నొమిమస్ (తాగుతాను) నొమితై అవుతుంది, ఇకిమస్ (వెళ్తాను) ఇకితై అవుతుంది. మిగతాచోట్ల దారి తప్పే షిమస్ (చేస్తాను), కిమస్ (వస్తాను) కూడా ఇక్కడ బుద్ధిగా షితై, కితై అవుతాయి. మర్యాదగా చెప్పాలంటే చివర 'దెస్' చేరిస్తే చాలు.

చిక్కంతా గతం దగ్గరే. 'దెస్'కు గతం 'దెషిత' అని అప్పటికే నేర్చుకుని ఉంటారు కాబట్టి చాలామంది 'తబెతై దెషిత' అనేస్తారు. అది తప్పు. 'తై' చేరాక ఆ మాట క్రియలా నడవదు, విశేషణంలా నడుస్తుంది. చలిగా ఉంది అనడానికి సముయి, చలిగా ఉండింది అనడానికి సముకత్త. చివరి 'ఇ' పోయి 'కత్త' వచ్చింది. తబెతై కూడా అలాగే తబెతకత్త అవుతుంది. మర్యాదకు తబెతకత్త దెస్. తినాలని లేదంటే తబెతకునై, తినాలని లేకపోయిందంటే తబెతకునకత్త.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా తోచనక్కర్లేదు. 'తినాలని ఉంది, ఉండింది, లేదు' అన్నప్పుడు మనమూ 'తినాలని' అన్నదాన్ని కదిలించం. మారేదల్లా దాని తర్వాతి మాటే.

తకత్త ఒకప్పటి కోరికను మాత్రమే చెబుతుంది. అది తీరిందో లేదో ఆ రూపం చెప్పదు, సందర్భం చెప్పాలి. అయితే 'ఇకితకత్త దెస్ గ...' అని వాక్యాన్ని సగంలో వదిలేస్తే, రావాలనే ఉండింది కానీ కుదరలేదని ఎదుటివాళ్లు గ్రహిస్తారు. ఆహ్వానాన్ని నొప్పించకుండా కాదనడానికి ఇంతకన్నా చక్కని పద్ధతి అరుదు.

ఇక అసలు సంగతి: ఎవరి కోరిక? సూటిగా 'తై'తో ముగించే వాక్యం మామూలుగా మాట్లాడేవారి సొంత కోరికకే. ఇంకొకరి మనసు మనకు ఎలా తెలుస్తుంది? అందుకే చెల్లెలు వెళ్లాలనుకుంటోందంటే 'ఇకితగత్తె ఇమస్' అనాలి, అంటే ఆ కోరిక ఆమె తీరులో కనబడుతోందని. లేదా 'ఇకితై తో ఇత్తె ఇమస్', వెళ్లాలని ఉందని అంటోంది. పెద్దల విషయంలో మొదటిది వాడకపోవడమే మంచిది.

వస్తువు కావాలంటే 'తై' పనికిరాదు, 'హొషీ' కావాలి. కారు కావాలంటే 'కురుమ గ హొషీ', గతంలో హొషికత్త.

చదువుకో ఉద్యోగానికో జపాన్ వెళ్లేవాళ్లకు ఒక మాట. పైఅధికారినో గురువునో 'నొమితై దెస్ క' అని, తాగాలని ఉందా అని, అడగకండి. వ్యాకరణం సరైనదే, కానీ పెద్దవాళ్ల కోరికను సూటిగా ఆరా తీసినట్టుంటుంది. 'కోహీ ఇకగ దెస్ క' అని, కాఫీ తీసుకుంటారా అని, అనండి.