చీపురు పట్టిన చేతికి జపాను మాటలు

ఉద్యోగాల నిమిత్తం మన పిల్లలు చాలామంది జపానులో కాపురాలు పెడుతున్నారు. వెళ్ళేముందు నమస్కారాలూ, కృతజ్ఞతలూ చెప్పడం నేర్చుకుంటారు. మంచిదే. కాని అక్కడ దిగిన మర్నాడే ఇల్లు ఊడ్చుకోవాలి గదా! అంచేత ఈవేళ ఆ మాటలు చెప్పుకుందాం.

ఇల్లు శుభ్రం చేయడాన్ని "సోజి" అంటారు. సంక్రాంతికి ముందు మనం బూజులు దులిపినట్టు, వాళ్ళు డిసెంబరు నెలాఖరున ఇల్లంతా శుభ్రం చేస్తారు. అది "ఓసోజి", పెద్ద సోజి అన్నమాట. చీపురు "హోకి". చెత్త ఎత్తే చేట "చిరితొరి". చిరి అంటే దుమ్ము, తొరి అంటే తీసేది. నేల తుడిచే గుడ్డ "జోకిన్". బకెట్టు మాత్రం "బకెత్సు". ఇంగ్లీషు మాట చివర అచ్చు తగిలించి మనం సొంతం చేసుకున్నట్టే వాళ్ళూ చేసుకున్నారు.

అసలు కిటుకు క్రియల్లో ఉంది. ఇంగ్లీషులో అన్నిటికీ "క్లీన్" అని సరిపెట్టవచ్చు. మనకు అలా కుదరదు, వాళ్ళకూ అంతే. ఊడ్చడం "హకు", తుడవడం "ఫుకు", దులపడం "హతకు". "యుక ఒ ఫుకు" అంటే నేలను తుడుచు. చూశారా, నేల ముందు, మన "ను" లాంటి "ఒ" దాని వెనక, క్రియ చివర. వాక్యం అచ్చం మనదే! తోమడం "మిగకు", పళ్ళు తోముకోవడానికీ అదే మాట. అయితే అంట్ల దగ్గర తేడా వస్తుంది. తిన్న పళ్ళాలకు వాళ్ళు వాడేది "అరౌ", అంటే కడగడం.

చెత్త "గొమి". కాలేది "మొయెరు గొమి", కాలనిది "మొయెనై గొమి". ఏది ఏ రోజున బయట పెట్టాలో ఆ ఊరి పురపాలకులు నిర్ణయిస్తారు. తప్పు రోజున పెడితే చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. ఇరుగుపొరుగు ముందు నామోషీ!

వీటన్నిటికంటె ముఖ్యమైన మాట సీసాల మీద ఉంటుంది. "మజెరు న, కికెన్." కలపవద్దు, ప్రమాదం అని అర్థం. క్లోరిన్ ఉన్న బ్లీచి సీసా మీద "ఎన్సొకే" అనీ, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం సీసా మీద "సన్సే" అనీ రాస్తారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇరుకు గదిలో అది ప్రాణాంతకం. 1987లో తొకుషిమా ప్రాంతంలో ఒక గృహిణి ఇలాగే చనిపోయింది. ఆ తరువాతే ఈ హెచ్చరిక పెద్ద అక్షరాల్లో రావడం మొదలైంది. వెనిగర్ కూడా ఆమ్లమే, దాన్నీ బ్లీచితో కలపరాదు. మన ఇళ్ళలోనూ బాత్‌రూము యాసిడ్, బ్లీచింగ్ పౌడరు పక్కపక్కనే పెడుతుంటాం. వాటి సంగతీ ఇదే.

ఈ మూడు మాటలూ చెవితో నేర్చుకుంటే చాలదు. తెలిసినవారిచేత జపాను లిపిలో కాగితం మీద రాయించుకుని, కొట్టులో సీసా పక్కన పెట్టి పోల్చుకోండి. ఇంకొకటి, గాలి ఆడేలా చేయడం "కంకి". మన జొన్నకంకిలాగే పలకండి. స్నానాల గది స్విచ్చుల్లో ఆ మాట రాసినది ఫ్యానుది. సీసా మూత తీయకముందే అది వేసుకోండి.