ముసలి పిల్లికి గోకుడు పుడితే



పశువుల జబ్బులు చెప్పవలసిన వేళ పిల్లి మాట ఎందుకని నవ్వకండి. చెనిక్కాయ మూటలున్న ఇంట ఎలుకలను అదుపులో పెట్టేది పిల్లే కదా! బి.కొత్తకోటలో ఒక అవ్వ నన్నడిగింది: "నాయనా, మా పిల్లికి పన్నెండేండ్లు. గడప దాటదు. అయినా గోక్కుంటా ఉంది, నడుము మీద బొచ్చంతా రాలిపోయింది. పక్కింటాయన కిరసనాయిలు పుయ్యమంటాడు. పుయ్యనా?"

వద్దవ్వా, అన్నాను. ఎందుకో వినండి.

పిల్లి తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకొంటుంది. కాబట్టి పైన పూసినది కడుపులోకి పోతుంది. కిరసనాయిలు, ఫినాయిలు, పొలం మందులు దానికి విషమే. వెనుకటి గమాక్సిన్ పొడిని మన దేశంలో నిషేధించారు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు కూడా పిల్లి ప్రాణం తీయగలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో పట్టుపురుగులు పెంచే వారు మరీ జాగ్రత్తగా ఉండవలెను. పురుగుమందు పొడి పడిన ఆకు తింటే పట్టుపురుగులు చస్తాయి.

మరి ఏమి చేయవలెను? ముందు కారణం తెలుసుకోవలెను. పేలదువ్వెనతో నడుము మీద దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లగుడ్డ మీద వేయండి. ఎర్రగా మరకలు కడితే అది నెత్తురు తాగి గెంతే పురుగుల రెట్ట. డాక్టర్లు ఆ పురుగును ఫ్లీ అంటారు. అవ్వ ఇంట్లో గుడ్డ ఎర్రబడింది. గడప దాటని పిల్లికి ఎలా వచ్చినవి? వాకిట్లో కుక్క వల్లనో, ఎలుకల వల్లనో రావచ్చును.

చెవుల అంచున, ముఖాన పక్కులు కడితే గజ్జి కావచ్చు. చెవిలో కాఫీపొడి వంటి మురికి ఉంటే చెవి పురుగులు. గుండ్రంగా బొచ్చు ఊడితే తామర కావచ్చు. ఇది పురుగు కాదు, బూజు జాతిది, పిల్లలకూ అంటుకొంటుంది. అంతవరకు పిల్లిని పిల్లల పక్కలో పడుకోనీయకండి.

పురుగు కనబడనంత మాత్రాన నిశ్చింత వద్దు. ముసలి పిల్లికి కీళ్లు పట్టేస్తే వీపు నాక్కోలేదు, బొచ్చు జడలు కడుతుంది. తిండి తింటున్నా చిక్కిపోతే, నీళ్లు ఎక్కువగా తాగితే లోపల వేరే జబ్బు ఉండవచ్చును. పశువైద్యశాలకు తీసుకుపోయి, దాని బరువు చూపించి, పిల్లికని చెప్పి మందు తీసుకోండి.

మందు పిల్లికొక్కదానికే వేస్తే చాలదు. ఫ్లీ గుడ్లు నేల మీద, పక్క మీద రాలతాయి. గూటిలోని పిల్లపురుగు వారాల తరబడి బతుకుతుంది. అందుచేత పిల్లి పడుకొనే గోనెలు, గుడ్డలు వేడినీళ్లలో ఉతికి ఎండబెట్టండి. మూలమూలలా కసువు ఊడ్చి దూరంగా పారేయండి. ఇంట్లోని కుక్కకు దాని మందు దానికి వేయించండి. డాక్టరు చెప్పినన్ని నెలలు మానకండి.

పట్టుకొనేటప్పుడు గీరినా కరిచినా సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోండి.

అవ్వ కిరసనాయిలు డబ్బా అటక మీద పెట్టి, పిల్లిని బుట్టలో ఎత్తుకొని బయలుదేరింది. మీరూ అట్లే చేయండి.