ఇంటి దగ్గరే ఆటల శిబిరం: ఫోన్ మీకు, ఆట బిడ్డకి

సెలవుల్లో మీ అంగన్‌వాడీ టీచర్ వాట్సాప్‌లో ఆటల శిబిరం వీడియోలు పెడితే, బిడ్డ చేతికి ఫోన్ ఇచ్చేయకండి. ముందు మీరు చూడండి, ఫోన్ పక్కన పెట్టేసి ఆడించండి. రెండేళ్లలోపు పిల్లలకి ఫోన్, టీవీ అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

కొనాల్సిందేమీ లేదు. గిన్నెలు చిన్నవీ పెద్దవీ వరసగా పేర్చమనండి, కూరగాయల రంగులు అడగండి, చెమ్మచెక్క ఆడండి. నాన్నలూ, ఇది మీ పని కూడా! మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో తెచ్చిన ‘నవచేతన’లో ఇలాంటివి 140 ఉన్నాయి.

స్మార్ట్‌ఫోన్ లేదా? కంగారొద్దు, టీచర్‌ని అడిగి తెలుసుకోండి. వీడియో చూడలేదని బాలామృతం, గుడ్లు ఆపకూడదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం పోషకాహారం మీ బిడ్డ హక్కు. ఆపితే సూపర్‌వైజర్‌కి చెప్పండి.

‘శిబిరం ఫీజు’ అనో, ఓటీపీ చెప్పమనో ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.