మిద్దె దంతెలు వంగినప్పుడు

మా కార్వేటినగరము వంటి పాత సంస్థానపు ఊళ్ళలో కొయ్యదంతెల మిద్దెలు నేటికిని గలవు. గోడనుండి గోడకు దంతెలు పరచి, వానిపై ఇటుకలను సున్నముతో గూర్చి, ఆపై గచ్చు వేసి దిమ్మిస కొట్టిన యిండ్లివి. మేడ గలచోట ఆ దంతెలే క్రిందివారికి కప్పును, పైవారికి నేలయు నగును. కావున దంతె చెడిన రెండంతస్తుల వారికిని ప్రాణభయమే.

ఈ కీడును మొదట కనిపెట్టగలవారము యింట మెలగెడు మనమే. మేడపై నడచునపుడు క్రింద పెచ్చులు రాలుట, కడిగిన నీరు గది నడుమ నిలుచుట, దంతె గోడలో జొచ్చినచోట తడిమరకయో చెదమన్నో కనబడుట దీని గుర్తులు. దంతెలు తరచుగా చెడునది నడుమ గాదు, గోడలో దాగిన కొనయందు. అచట తడి చేరును, గాలి యాడదు. దబ్బనముతో పొడిచి చూచిన పుచ్చినకొయ్య మెత్తగా దిగును.

పాతకొయ్య కొంత వంగుట సహజము. ఆ వంపు పెరుగుచున్నదా లేదా యనునదే ముఖ్యము. దంతె క్రింద గోడనుండి గోడకు దారము బిగించి, నడుమ నెడమును కొలిచి తేదీతో వ్రాసికొని, నెలనెలకు సరిచూడవలెను.

నీరు నిలుచు పల్లమును పూడ్చుటకు పైన మరియొక పొర గచ్చు వేయించుట కొందరి వాడుక. ఇంతకంటె హాని లేదు. 100 చదరపుటడుగుల మేర ఒక్క యంగుళము గచ్చు 400 కిలోలకు మించి తూగును. అలసినవాని నెత్తిపై మరియొక మూట పెట్టినట్లగును.

బాగుచేయు క్రమమిది. ముందు పైబరువులు దింపవలెను. గట్టినేలపై పలక వేసి, ఊతకంబములు నిలిపి, దంతెలకు అడ్డముగా నొక దూలమును మోపవలెను. జాకీతో నెత్తదలచినచో వారమునకొక నూలు, అనగా అంగుళములో ఎనిమిదవ పాలు, మించరాదు. తొందరపడిన గచ్చు పగిలి నీరు దిగును. వంపంతయు తీరనక్కరలేదు, ఇకపై దిగకున్న చాలును. గట్టిగానున్న దంతెకు ప్రక్కన జోడుదంతె చేర్చి బోల్టులతో బిగింపవచ్చును. పుచ్చినదానిని మార్చి, కొన క్రింద రాతిపలక వేసి, చుట్టును గాలికి సందు విడువవలెను. తడి వచ్చు దారిని మూయనిదే యెంత కొత్తకొయ్య వేసినను వ్యర్థము.

దంతె చిటచిటలాడినను, దినదినము దిగుచున్నను ఆ గది వెంటనే విడిచి, తెలిసిన యింజనీరును పిలువవలెను.

ఈ పనికి చైత్ర వైశాఖములు తగినవి. మా ప్రాంతమున ఆశ్వయుజ కార్తికములలో వానలు ముమ్మరము. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏళ్ళవలె పారుట మనమెరిగినదే. నగలు మరుసటియేడు చేయించుకొనవచ్చును. దంతెల వ్యయము మాత్రము వానలకు ముందే పెట్టవలెను. ఆ కప్పు క్రిందనే గదా మన బిడ్డలు నిదురించుట!