పుంగనూరు పొట్టి ఆవుకు గిరాకీ: ధర ఎత్తును బట్టే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాడి రైతుకు లీటర్ల లెక్కే ముఖ్యం. పుంగనూరు పొట్టి ఆవు పాలలో వెన్న 8 శాతం వరకు ఉన్నా, రోజుకు ఇచ్చేది 3 నుంచి 5 లీటర్లే. అందుకే జెర్సీ సంకర ఆవులు కొట్టాలు ఆక్రమించాయి. నాటు మంద తరిగిపోయింది.

2020లో రాష్ట్ర ప్రభుత్వం ‘మిషన్ పుంగనూరు’కు 69 కోట్ల రూపాయలకు పైగా కేటాయించి, పలమనేరు పశు పరిశోధన స్థానంలో టెస్ట్‌ట్యూబ్ పద్ధతిన దూడల సంఖ్య పెంచే పని పెట్టుకున్నది. 2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రాలు వచ్చాక నగరాల బేరగాళ్లు ఎగబడ్డారు. ఎంత పొట్టిదైతే అంత ప్రియం. పాల మాట అడిగేవారు తక్కువ.

పొట్టి దూడ పుట్టిన ఇంటికి లాభమే. కాస్త ఎత్తు పెరిగిందా, మేత ఖర్చు రావడమే కష్టం. ఆ మేతకు సంరక్షణ నిధుల నుంచి పైకం అందితే గాని చిన్న రైతు జెర్సీని వదలడు.