ధరణికోట రేవు చూశారా?

అమరావతి వెళ్ళొచ్చిన వాళ్ళని ఏం చూశారని అడగండి. అమరేశ్వరుడి దర్శనం, కృష్ణలో స్నానం, తీరికుంటే స్తూపం, మ్యూజియం అంటారు. పక్కనే ఉన్న ధరణికోట పేరెత్తేవాళ్ళు తక్కువ. పైకి కనబడేది మట్టిదిబ్బలూ పొలాలే మరి! కానీ శాతవాహనుల ధాన్యకటకం ఆ దిబ్బల కింద ఉన్న ఊరే. సముద్రానికి చాలా ఎడంగా ఉన్నా, దానికో పెద్ద రేవు ఉండేది.

1962-65 మధ్య కేంద్ర పురావస్తు శాఖ వాళ్ళు అక్కడ తవ్వితే ఒక కాలవ బయటపడింది. కృష్ణలోంచి పడవలు ఊరి దాకా రావడానికి తవ్వుకున్న కాలవ. దాని ఒడ్డునే సరుకు దించుకునే గట్టు. మొదట కొయ్యతో కట్టారు. గుంజలు పాతి, చెక్కలు పరిచారు. క్రీస్తుకి కొన్ని వందల ఏళ్ళ ముందు మాట ఇది. తర్వాత తరాల వాళ్ళు ఇటికలతో కట్టుకున్నారు. మనం పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకోమూ, అలాగే. చేతిలో నాలుగు డబ్బులు ఆడితేనే గదా ఆ పని!

ఆ డబ్బు వర్తకంలోది. దివిసీమ దారిలో మన ఘంటసాల ఉందే, అదీ ఆనాటి రేవే. అక్కడి శాసనంలో 'మహానావికుడు' అన్న మాట ఉంది. శాతవాహనుల సీసం నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ వేశారు. ఓడలంటే అంత లెక్క వాళ్ళకి.

తవ్వకాల్లో కంచాలూ దొరికాయి. పల్చగా, నున్నగా, లోపలి వైపు చిన్న చిన్న గాట్ల వరసలు చుట్టూ తిప్పిన మట్టి పళ్ళాలు. ఒకప్పుడు ఇవి రోము సరుకనుకున్నారు. తర్వాత మట్టిని పరీక్ష చేసి మన దేశంలో చేసినవేనని తేల్చారు. అలాంటివే ఇండోనేషియాలోని బాలి దీవిలోనూ దొరికాయి. నాజూకు కంచాల మీద మోజు ఈనాటిది కాదన్నమాట!

ఆ సంపాదనలోంచే స్తూపానికి రాళ్ళు చెక్కించారు. రాజులు ఒక్కరే కాదు, మామూలు సంసారులు కూడా. విధికుడనే తోళ్ళపనివాడు తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చినట్టు రాయించాడు. కూతుళ్ళని కూడా లెక్కలో వేసినందుకు నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఆడవాళ్ళు తమ పేరు మీదే ఇచ్చిన రాళ్ళకీ కొదవలేదు.

మరి రేవేమైంది? ఒండ్రు. డెల్టాలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా, రెండేళ్ళు పూడిక తీయకపోతే పంటకాలవ ఏమవుతుందో! ఇరాక్‌లో టైగ్రిస్ ఒడ్డున నిమ్రూద్ అని అస్సీరియా రాజుల రాజధాని ఉండేది. దానికీ రాతి రేవు కట్టారు. నది కాస్తా పక్కకి జరిగిపోయింది. ఇక్కడ కాలవ పూడిపోయింది. పడవ రానప్పుడు వర్తకుడు ఉంటాడా?

1797లో మెకంజీ దొర వచ్చేసరికే అమరావతి స్తూపం రాళ్ళని జనం ఇళ్ళకీ గుళ్ళకీ వాడేసుకుంటున్నారు. మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసుకీ లండనుకీ వెళ్ళాయి. రేవుని మాత్రం ఎవరూ ఓడెక్కించలేకపోయారు.

ఈసారి అమరావతి వెళితే ఆటో అబ్బాయిని ధరణికోట దగ్గర ఓ పది నిమిషాలు ఆపమనండి. కోట మట్టిగోడ ఆనవాళ్ళు అడిగితే ఊళ్ళోవాళ్ళే చూపిస్తారు. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.