పాత రికార్డు ప్లేయరుకు కొత్త భాగాలు: ముందు ఏది మార్చాలి?

రాయ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలుమార్గం పూర్తయ్యాక మనవైపు నుంచి ఆ ఊరికి రాకపోకలు సులువయ్యాయి. అలాంటి ఒక ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టె తెరిచారనుకోండి. అడుగున నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన రికార్డులు, పైన ఘంటసాల భగవద్గీత ఎల్.పి. ఉన్నాయి. ప్లేయరు బాగుచేయించాలని మనవడు దుకాణానికి వెళితే రబ్బరు మ్యాటు, బంగారు పూత తీగలు చూపిస్తారు. డబ్బు వాటికి పెట్టాలా? రికార్డును తాకేది ఏమిటో ముందు చూద్దాం. అరిగిపోయిన గాడిని మళ్ళీ ఎవరూ బాగుచేయలేరు కదా!

గాడిని తాకేది ముల్లు. 78 రికార్డు గాడి వెడల్పైనది. దానికి కొన సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న ముల్లు కావాలి. ఎల్.పి. గాడికి 18 మైక్రాన్లు, లేదా అంతకన్నా సన్ననిది సరిపోతుంది. సన్నని ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున దుమ్ములో ఈదుతుంది. లావు ముల్లును ఎల్.పి. మీద పెడితే గాడి అంచులు చెడతాయి. కాబట్టి రెండు రకాల రికార్డులున్న ఇంట్లో మొదటి ఖర్చు రెండు ముళ్ళకే. వజ్రపు ముల్లు కూడా దాదాపు 500 నుంచి 1000 గంటలకు అరుగుతుంది.

ఇక బరువు. చాలా అయస్కాంత కాట్రిడ్జిలు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య పనిచేస్తాయి. ఖచ్చితమైన అంకె తయారీదారు ఇస్తాడు. బరువు తగ్గిస్తే రికార్డుకు మేలని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. మరీ తేలికైన ముల్లు గాడిలో నిలవక గోడలకు కొట్టుకుంటుంది. కంసాలి వాడే తరహా చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి. తాళం తిప్పే పాత గ్రామఫోను రికార్డు మీద మోపే బరువు 100 గ్రాములు దాటుతుంది, దాని మీద ఎల్.పి. ఎన్నడూ పెట్టవద్దు.

శుభ్రపరిచే ద్రవం కొనేముందు ఒక మాట. 78 రికార్డులు సాధారణంగా రాతిపొడిని లక్కతో కలిపి అచ్చువేసినవి. లక్క ఎక్కడిదో కాదు, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై పురుగులు కట్టేదే. వడ్రంగి లక్క పెచ్చులను స్పిరిట్‌లో కరిగించి పాలిష్ తయారుచేయడం మీరు చూసే ఉంటారు. స్పిరిట్ ఉన్న ద్రవంతో 78 రికార్డును తుడిస్తే జరిగేదీ అదే! స్వేదనజలంలో తేలికపాటి సబ్బు ఒక చుక్క వేసి, లేబుల్ తడవకుండా తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. వినైల్‌తో చేసిన ఎల్.పి.కి మరో బాధ ఉంది. రాయ్‌పూర్ ఎండాకాలపు పొడిగాలిలో అది స్థిరవిద్యుత్తుతో దుమ్మును లాగుతుంది. దానికి కార్బన్ పోగుల బ్రష్షు మంచిది.

అయస్కాంత కాట్రిడ్జి ఇచ్చే సంకేతం 5 మిల్లీవోల్టుల దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఎల్.పి. కోసేటప్పుడు మంద్రస్వరాలను తగ్గించి, తారస్వరాలను పెంచుతారు. ఫోనో ప్రీఆంప్లిఫయర్ దీన్ని సరిచేస్తుంది. అది లేకపోతే పాట పీలగా వినిపిస్తుంది.

అమెరికా నుంచి బంధువులు పాత ప్లేయరు తెస్తే జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది కానీ పౌనఃపున్యాన్ని మార్చదు. 60 హెర్ట్జ్‌కు తయారైన సింక్రనస్ మోటారు మన 50 హెర్ట్జ్ మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 33⅓ చుట్లకు బదులు దాదాపు 27.8 వస్తాయి. దానికి తగిన కప్పీ మార్చాలి.

మ్యాటు, తీగల సంగతి వీటన్నిటి తర్వాతే. వేగం కొలవడానికైతే ఖర్చే లేదు. మన కరెంటుతో వెలిగే పాత చోకు ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. నిమిషానికి 6000 సార్లు. దాన్ని 33⅓తో భాగిస్తే 180. గుండ్రటి అట్ట మీద కోణమాపినితో 2 డిగ్రీలకొక గీత చొప్పున 180 గీతలు గీసి, ప్లేయరు మీద తిప్పండి. వేగం సరిగా ఉంటే గీతలు నిలిచినట్టు కనిపిస్తాయి. వెనక్కి జారితే వేగం తక్కువ, ముందుకు జారితే ఎక్కువ. 78కి 77 గీతలు చాలు. చాలా ఎల్.ఇ.డి. దీపాల కింద ఇది పనిచేయదు. ముల్లు రికార్డు మీద ఉన్నప్పుడే, అట్టను లేబుల్ మేరకు చిన్నదిగా కత్తిరించి చూడండి. ముల్లు రాపిడికి వేగం తగ్గే ప్లేయర్లూ ఉంటాయి.